ఉడతాభక్తి అనుకున్నారు

శ్రోతలకు నమస్కారం. ఇవాళ ఒక ఉడత గురించి చెబుతాను. మన జామచెట్టు మీద తిరిగే ఉడత కాదు, పోకెమాన్ వీడియో గేమ్‌లో ఉండే ఉడత. పేరు పచిరిసు. ఒళ్ళు తెలుపు, వీపు మీద నీలం చార, పసుపు బుగ్గలు, బరువు నాలుగు కిలోలు కూడా ఉండదు, ఒంట్లో మాత్రం కరెంటు ఉంటుంది. ఇంట్లో పిల్లలుంటే ఇలాంటి పేర్లు మీ చెవిన పడే ఉంటాయి. పడకపోయినా ఫర్వాలేదు. మీ దగ్గర కొన్ని జీవులు, అవతలివాళ్ళ దగ్గర కొన్ని, వంతులవారీగా కొట్టుకుంటాయి, ఎవరివి ముందు అన్నీ పడిపోతే వాళ్ళు ఓడినట్టు. ఆట అంటే ఇంతే.

ఈ జీవుల్లో కొట్టేవి కొన్ని, దెబ్బలు కాచుకునేవి కొన్ని. కాచుకునేవాటిని ఆడేవాళ్ళు 'వాల్' అంటారు, గోడ అన్నమాట. నేను ఈ ఆట నలభై దాటాక మా మేనల్లుడి దగ్గర నేర్చుకున్నాను. అందరూ కొట్టేవాటి వెంట పడితే నేను గోడ వెంట పడ్డాను. వయసు ప్రభావం కావచ్చు. షకల్ అని ఒకటుంది, తాబేలు లాంటి పురుగు, దాని రక్షణ అంకె 230, ఈ ఆట మొత్తంలో ఇంత గట్టి చర్మం దాదాపు ఇంకెవరికీ లేదు. ఇక నన్నెవరు ఓడిస్తారు అనుకుని దింపాను. అవతల ఉన్నది సైజర్, ఇనుప కందిరీగ అనుకోండి. అది నా షకల్‌ను అసలు కొట్టలేదు! స్వోర్డ్స్ డాన్స్ అని నాట్యం మొదలుపెట్టింది. ఒకసారి చేస్తే దాని బలం రెట్టింపు, మూడుసార్లు చేస్తే నాలుగింతలు. నా షకల్ కొట్టే బలం అంకె 10. అంటే ఆ నాట్యం పూర్తయ్యేదాకా మేం ప్రేక్షకులం. పూర్తయ్యాక ఒక్క గుద్దుతో షకల్, దాని వెనక నావి మిగిలినవన్నీ వరసగా పోయాయి. "మామయ్యా, నీ గోడ ఎవరి కోసం కట్టావ్?" అన్నాడు మా వాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది. ఎవరి కోసం కట్టానో నాకే తెలీదు.

ఇప్పుడు మన ఉడత దగ్గరికి వద్దాం.

2014 ఆగస్టు, అమెరికాలో వాషింగ్టన్ డీసీ. పోకెమాన్ ప్రపంచ పోటీలు. దక్షిణ కొరియా నుంచి సెజున్ పార్క్ అనే ఆటగాడు వచ్చాడు. అక్కడి ఆట జోడీలది: ఒక్కొక్కరి దగ్గర ఆరు జీవులుంటాయి, వాటిలోంచి నాలుగింటిని ఎంచుకోవాలి, బరిలో మాత్రం ఒకేసారి అటు రెండు, ఇటు రెండు. అందరూ డ్రాగన్లు, రాకాసులు తెచ్చుకుంటే ఈయన జట్టులో పచిరిసు ఉంది. చాలామందికి అది ముద్దొచ్చే బొమ్మే తప్ప పోటీ సరుకు కాదు. సేతువుకి ఇసుక మోసిన ఉడతలా ఏదో ఉడతాభక్తి అనుకున్నారు. ఆ ఉడత ఉన్న జట్టే ఆ ఏడాది ప్రపంచ చాంపియన్ అయింది.

ఎలా అయింది? ఇక్కడ కాస్త ఓపిగ్గా వినండి, నాకు ఇష్టమైన భాగం ఇదే.

పార్క్ జట్టులో గ్యారడోస్ అని ఒక పెద్ద సర్పం ఉంది. బాగా కొడుతుంది. కానీ దానికి నీటి గుణం, ఎగిరే గుణం రెండూ ఉన్నాయి కాబట్టి కరెంటు దెబ్బ దానికి మామూలుకి నాలుగింతలు తగులుతుంది. అది కనబడగానే అవతలివాడికి వచ్చే మొదటి ఆలోచన కరెంటు పెట్టేద్దామనే. సరిగ్గా ఆ సర్పం పక్కన ఉడతను నిలబెట్టాడనుకోండి. ఉడతకు ఫాలో మీ అని ఒక విద్య ఉంది. అది చేస్తే ఆ వంతులో అవతలివాళ్ళు పక్కవాడి మీదకు వదిలిన దెబ్బ కూడా తన మీదకే వస్తుంది. ఇంక ఆ ఉడత ఒంటి గుణం ఏమిటంటే, కరెంటు తగిలితే దానికి దెబ్బ తగలకపోగా దాని పూర్తి ప్రాణంలో పావు వంతు తిరిగొస్తుంది. అంటే సర్పాన్ని చంపడానికి వేసిన కరెంటు ఉడతకు టానిక్ అయింది. అవతలివాడు కరెంటు వేయలేడు, వేయకుండా సర్పాన్ని ఆపలేడు.

నా షకల్‌కూ ఈ ఉడతకూ తేడా అదే. ఎవరి కోసం? ఉడత దగ్గర జవాబుంది. గ్యారడోస్ కోసం.

అప్పట్లో దెబ్బలు తన మీదకు లాక్కునే ఈ పనికి ఎక్కువమంది అమూంగస్ అనే పుట్టగొడుగును వాడేవారు. అది పొడి చల్లి లాక్కుంటుంది, పొడి గడ్డి జాతి జీవుల మీద పనిచేయదు. ఉడత చేసేదానికి ఆ మినహాయింపు లేదు. చూడటానికి చిన్న తేడానే, ప్రపంచ పోటీలో చిన్న తేడాలు చాలా ఖరీదు.

సరే, కాస్తోంది బాగానే ఉంది, నా షకల్‌లా ఊరికే నిలబడితే అవతలివాడు నాట్యం మొదలుపెడతాడు కదా? ఉడత ఊరుకోదు. దానికి సూపర్ ఫ్యాంగ్ అని ఒక కొరుకుడు ఉంది. ఎదుటివాడు ఎంత గట్టివాడైనా సరే, ఉన్న ప్రాణంలో సగం తీసేస్తుంది. ఉడత బలంతో సంబంధం లేదు. బలం లేనిదానికి ఇంతకంటే మంచి ఆయుధం నాకైతే తట్టదు. ఇంకొకటి నజల్, బుగ్గతో రాయడం. దెబ్బ చిన్నదే కానీ తగిలితే ఎదుటిదానికి పక్షవాతం ఖాయం, అప్పటి నియమాల్లో దాని వేగం పావు వంతుకి పడిపోయేది. చూడండి, ఈ రెండూ దాడులే. గోడల్ని ఏడిపించడానికి టాంట్ అని ఒక విద్య ఉంది, రెచ్చగొట్టి దాడులు తప్ప ఇంకేమీ చేయనివ్వదు. మామూలు గోడ ఆ దెబ్బకి చేతులు కట్టేసినట్టు అయిపోతుంది. ఉడతకు ఫాలో మీ పోతుంది, కొరకడం మాత్రం పోదు.

ఇంట్లో ఆడే పిల్లలు కాగితం, పెన్ను తెచ్చుకోండి. ఒక్క సంగతే చెబుతాను: ముందు ప్రాణం పెంచండి, చర్మం తర్వాత. ఆటలో మన జీవికి అదనంగా పంచడానికి 510 పాయింట్లు ఉంటాయి, వాటిని ఈవీలు అంటారు, ప్రాణం, చర్మం లాంటి ఒక్కో అంకెకు గరిష్ఠంగా 252. పోటీ స్థాయి 50లో పచిరిసుకు ఈవీలు ఏమీ పెట్టకపోతే ప్రాణం 135, 252 పెడితే 167. ఇప్పుడు ఎదురుగా హైడ్రైగన్ అనే మూడు తలల డ్రాగన్ ఉందనుకోండి, తన బలమంతా పెట్టి డ్రాకో మీటియర్, అంటే ఉల్కల వాన, వదిలింది. చేతిలో ఏ వస్తువూ లేకపోతే ఆ దెబ్బ 129 నుంచి 153 మధ్య ఉంటుంది. 135 ప్రాణంతో అయితే నాలుగింట మూడుసార్లు ఉడత పోతుంది. 167తో అయితే ఒక్కసారి కూడా పోదు. ఒక్కసారి కూడా! కనీసం 14తో నిలబడి, చేతిలో సిట్రస్ బెర్రీ ఉంటే అది తిని ఇంకో 41 తెచ్చుకుంటుంది. చర్మం గట్టిదైతే ఒక రకం దెబ్బకే పనికొస్తుంది, శరీరానికి తగిలే దెబ్బల చర్మం వేరు, ఇలాంటి ఉల్కల చర్మం వేరు. ప్రాణం రెండింటికీ పనికొస్తుంది. మొదటి 252 ప్రాణానికి, రెండో 252 మీరు ఎక్కువగా ఎదుర్కొనే రకం చర్మానికి. నేను షకల్‌తో ఈ లెక్క వేయలేదు, ప్రాణం అంకె 20 ఉన్నదాన్ని పట్టుకుని చర్మం చూసి మురిసిపోయాను.

ఉడతకు లోపాలు లేవని కాదు. భూకంపం లాంటి దెబ్బ ఇద్దరి మీదా ఒకేసారి పడుతుంది, ఫాలో మీ దాన్ని లాగలేదు, పైగా కరెంటు జాతికి భూకంపం గిట్టదు. ఇక దెయ్యం జాతి మీద సూపర్ ఫ్యాంగ్ పనిచేయదు, పళ్ళు గాల్లో కొరుకుతాయి.

ఈ చివరి ముక్క మా మేనల్లుడికి బాగా తెలుసు. నేను ఉడతను దింపుతానని పసిగట్టి మొదటి వంతులోనే గెంగార్ అనే దెయ్యాన్ని పంపిస్తాడు. నేను నజల్ రాస్తాను, దెయ్యం నెమ్మదిస్తుంది, వాడు విసుక్కుంటాడు. నిన్న రాత్రి మాత్రం వాడే గెలిచాడు. నమస్కారం.