కేసు కొట్టేశారంటే, ఏ కేసు? సియాటెల్ పోలీసులు, మన ఆదోని అమ్మాయి

నమస్తే అండీ. అమెరికాలోని సియాటెల్‌లో పోలీసు కారు గుద్ది చనిపోయిన మన ఆదోని అమ్మాయి జాహ్నవి కందుల గురించి ఎవరు వీడియో పెట్టినా కింద ఒకటే మాట: "ఆ పోలీసుని వదిలేశారు, కేసు కొట్టేశారు, అయిపోయింది." ఇంకొందరు "ప్రెసిడెంట్ ఏం చేస్తున్నాడు, ఎఫ్‌బీఐ ఏమైంది" అని అడుగుతుంటారు. ఇవి చదివినప్పుడల్లా నాకు బాధేస్తుంది. మీ కోపంలో తప్పేం లేదు. కానీ నిలదీయాల్సిన వాళ్లు వేరే ఉన్నారు, వాళ్ల పేరు ఎవరూ ఎత్తడం లేదు. ఈ రోజు దాని గురించే మాట్లాడుకుందాం.

జరిగింది మీకు తెలుసు కాబట్టి రెండే ముక్కల్లో చెప్తాను. 2023 జనవరి 23 రాత్రి, డెక్స్‌టర్ ఎవెన్యూలో జాహ్నవి రోడ్డు దాటుతోంది, అదీ జీబ్రా క్రాసింగ్ మీదే. అక్కడ వేగ పరిమితి గంటకు 25 మైళ్లు, అంటే మన లెక్కలో 40 కిలోమీటర్లు. డ్రగ్ ఓవర్‌డోస్ కాల్‌కి వెళ్తున్న పోలీసు కారు ఆ రోడ్డు మీద 74 మైళ్ల దాకా వెళ్లింది, ఆమెని గుద్దేసింది. దాదాపు 120 కిలోమీటర్లు! లైట్లు వెలుగుతున్నాయి కానీ సైరన్ ఆపకుండా మోగలేదు, కూడళ్ల దగ్గర మాత్రం కాస్త కూత పెట్టింది.

[స్క్రీన్ మీద: ఆర్టీసీ బస్సు బొమ్మ, పక్కన మూడు ఫైళ్లు]

ఇప్పుడు మన ఆర్టీసీ బస్సు ఒకరిని గుద్దిందనుకోండి. ఏం జరుగుతుంది? పోలీస్ స్టేషన్‌లో డ్రైవర్ మీద క్రిమినల్ కేసు, అది మొదటి ఫైలు. డిపోలో సస్పెన్షన్, శాఖాపరమైన ఎంక్వైరీ, అది రెండోది. చనిపోయిన మనిషి కుటుంబం ట్రిబ్యునల్‌లో వేసే నష్టపరిహారం కేసు మూడోది. మూడూ వేర్వేరు చోట్ల నడుస్తాయి. క్రిమినల్ కోర్టులో డ్రైవర్ బయటపడినా ట్రిబ్యునల్ పరిహారం ఇవ్వమనొచ్చు. ఆ డబ్బు డ్రైవర్ జేబులోంచి రాదు, కార్పొరేషన్ కడుతుంది. కట్టకపోతే బస్సునే జప్తు చేయమని కోర్టు ఆర్డర్ వేసిన సందర్భాలు మన దగ్గరే ఉన్నాయి కదా.

అమెరికా నగరాల్లో పోలీసుల మీద చర్యలు కూడా ఇంచుమించు ఇలాగే నడుస్తాయి.

మొదటి ఫైలు చూద్దాం. దీన్ని తెరవాలా వద్దా అన్నది కౌంటీ (మన జిల్లా లాంటిది) ప్రాసిక్యూటర్, అంటే ప్రభుత్వం తరఫు లాయర్ చేతిలో ఉంటుంది. అక్కడ అది జనం ఓట్లేసి ఎన్నుకునే పదవి. ప్రెసిడెంట్ మాట అక్కడ చెల్లదు. 2024 ఫిబ్రవరిలో సియాటెల్ ఉన్న కింగ్ కౌంటీ ప్రాసిక్యూటర్ ఏమన్నారంటే, ఆ ఆఫీసర్ ఎదుటివాళ్ల ప్రాణాలు లెక్కచేయకుండా తెలిసి తెలిసీ నడిపాడని సందేహానికి తావు లేకుండా రుజువు చేయలేం, కాబట్టి ఫెలనీ, అంటే పెద్ద నేరం కింద కేసు పెట్టం అని. మీరు "కొట్టేశారు" అంటున్నది ఇదే. అసలు కేసు పెడితేనే కదండీ కొట్టేయడానికి! చివరికి నిర్లక్ష్యపు డ్రైవింగ్ అని 5,000 డాలర్ల ట్రాఫిక్ జరిమానాతో సరిపెట్టారు. నాకైతే ఇది అస్సలు మింగుడుపడదు. 40లో వెళ్లాల్సిన చోట 120లో వెళ్లడం తెలిసి చేసిన పని కాకపోతే మరేంటి?

రెండో ఫైలు డిపోది. అంటే పోలీసు శాఖ సొంత క్రమశిక్షణ. అందరికీ గుర్తున్న ఆ ఫోన్ సంభాషణ ఈ ఫైలులోదే. ప్రమాదం తర్వాత, పోలీసు యూనియన్ వైస్ ప్రెసిడెంట్ అయిన ఇంకో ఆఫీసర్ యూనియన్ ప్రెసిడెంట్‌కి ఫోన్ చేశాడు. ఒంటి మీద కెమెరా ఆన్‌లోనే ఉంది. నవ్వుతూ, 11 వేల డాలర్ల చెక్కు రాసిస్తే సరిపోతుందని, ఆమె విలువ అంతంతమాత్రమేనని అన్నాడు. కూతుర్ని పోగొట్టుకున్న తల్లి వినాల్సిన మాటలా అవి? దీన్ని బయటపెట్టింది ఏ టీవీ చానలో కాదు. రోజువారీ పనిలో భాగంగా రికార్డింగులు చూస్తున్న ఆ శాఖ ఉద్యోగే విని పైకి పంపారు. 2023 సెప్టెంబరులో వీడియో జనం ముందుకొచ్చింది. లాయర్లు ఇలా మాట్లాడతారని వాళ్లను వెక్కిరిస్తూ అన్నానని ఆయన సమర్థించుకున్నాడు. 2024 జూలైలో ఉద్యోగం ఊడింది. కారు నడిపిన ఆఫీసర్‌ని 2025 జనవరిలో తీసేశారు.

చూశారా, మొదటి ఫైలు దాదాపు ఖాళీ. రెండో ఫైలులో ఇద్దరి ఉద్యోగాలు పోయాయి. "వదిలేశారు" అన్న ఒక్క మాటలో ఈ రెండూ ఎలా ఇముడుతాయి?

అయితే డిపో మేనేజర్ తీసేసినంత మాత్రాన ఆ డ్రైవర్ మళ్లీ స్టీరింగ్ పట్టడని కాదు. అక్కడ నగరంతో పోలీసు యూనియన్ చేసుకున్న ఒప్పందం ప్రకారం ఆర్బిట్రేటర్, అంటే మధ్యవర్తి దగ్గరికి వెళ్లొచ్చు. ఇదే సియాటెల్‌లో 2014లో ఒక ఆఫీసర్, బేడీలు వేసి కారు వెనక కూర్చోబెట్టిన మహిళ ముఖం మీద గుద్దాడు. 2016లో ఉద్యోగం తీసేశారు. 2018లో ఆర్బిట్రేటర్ 15 రోజుల సస్పెన్షన్ చాలు, తిరిగి తీసుకోండి అన్నాడు. దాన్ని రద్దు చేయించుకోవడానికి నగరమే కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది.

మూడోది పరిహారం. జాహ్నవి కుటుంబం 2024లో నగరం మీద 11 కోట్ల డాలర్లకు దావా వేసింది. ఈ ఫైలులో సందేహానికి తావు లేని రుజువు అక్కర్లేదు, ఎవరి వాదన ఎక్కువ నమ్మేలా ఉందో చూస్తారు. ఇలాంటి కేసుల్లో కుటుంబాలు గెలిస్తే కట్టేది ఎవరు? మన ఆర్టీసీ కార్పొరేషన్ లాగే అక్కడ నగరం, అంటే పన్ను కట్టే జనం. 2006 నుంచి 2011 వరకు పెద్ద పెద్ద పోలీసు శాఖల లెక్కలు తీసి చూస్తే, పౌరహక్కుల కేసుల్లో బాధితులకు అందిన డబ్బులో 99.98 శాతం ప్రభుత్వాలే కట్టాయి. ఆఫీసర్ల జేబు నుంచి వచ్చింది దాదాపు సున్నా. మినియాపోలిస్‌లో పోలీసు చేతిలో చనిపోయిన జార్జ్ ఫ్లాయిడ్ కుటుంబానికి 2.7 కోట్ల డాలర్లు ఇవ్వడానికి నగరం ఒప్పుకున్నది 2021 మార్చిలో. అప్పటికి హత్య కేసులో జ్యూరీని, అంటే తీర్పు చెప్పే మామూలు జనాన్ని ఇంకా ఎంపిక చేస్తూనే ఉన్నారు! ఆ పోలీసు దోషి అని తేలింది ఏప్రిల్‌లో. అంటే మూడో ఫైలు మొదటిదాని కోసం ఆగలేదు.

టైమ్ అయిపోతోంది, చివరిది గబగబా చెప్పేస్తాను. ఒక్క డ్రైవర్ కాకుండా డిపో మొత్తమే దారి తప్పితే? అప్పుడే ఢిల్లీ లాంటి వాళ్లకు, అంటే వాషింగ్టన్‌లోని కేంద్ర ప్రభుత్వానికి పని. లాస్ ఏంజెలెస్ పోలీసులు రాడ్నీ కింగ్ అనే నల్లజాతి వ్యక్తిని చితకబాదిన ఘటన తర్వాత 1994లో వచ్చిన చట్టం ప్రకారం ఫెడరల్, అంటే కేంద్ర న్యాయశాఖ నగర పోలీసు శాఖ మొత్తం మీద కేసు వేయొచ్చు. 2010లో చెక్కబొమ్మలు చెక్కుకునే జాన్ టి. విలియమ్స్‌ని పోలీసు కాల్చి చంపాక సియాటెల్ మీద విచారణ జరిగింది. 2012 నుంచి 2025 సెప్టెంబరు దాకా ఆ శాఖ ఫెడరల్ జడ్జి పర్యవేక్షణలోనే ఉంది. జాహ్నవి చనిపోయింది కూడా ఆ కాలంలోనే, అది మర్చిపోకండి.

ఇప్పుడు ఆ పర్యవేక్షణ లేదు. నగరానికి మిగిలినవి పోలీసుల మీద కన్నేసి ఉంచే సొంత సంస్థలే: ఆఫీస్ ఆఫ్ పోలీస్ అకౌంటబిలిటీ, ఇన్‌స్పెక్టర్ జనరల్, కమ్యూనిటీ పోలీస్ కమిషన్. వాటి అధికారం ఎంతవరకు అన్నది యూనియన్ ఒప్పందంతో ముడిపడి ఉంది. ఆ ఒప్పందం గురించి వచ్చే వీడియోలో మాట్లాడతాను.