ట్యూబులర్ టైరు ఎక్కించడం: గమ్ము మేలా, టేపు మేలా?

నమస్కారం. విజయనగరంలో మా ఇంటి వరండాలో రెండు చక్రాలు ముందు పెట్టుకుని ఈ వీడియో చేస్తున్నాను. ఒకదానికి గమ్ముతోను, రెండోదానికి రెండు వైపులా జిగురున్న టేపుతోను ట్యూబులర్ టైరు ఎక్కించి చూపిస్తాను. మామూలు టైరు అంచుల్లో తీగ ఉంటుంది, ఆ అంచులు రిమ్ము గాడిలో కూర్చుంటాయి. ట్యూబులర్‌కు అలాంటి అంచులు లేవు. ట్యూబును లోపల పెట్టి టైరును గొట్టంలా కుట్టేసి, ఆ కుట్టు మీద ఒక నూలు పట్టీని అతికిస్తారు. బేస్ టేపు అని పిలిచే ఆ పట్టీయే రిమ్ముకు అంటుకోవాలి. గాలి నిండుగా ఉన్నంతసేపు టైరు తనంతట తానే రిమ్మును కొంత బిగించి పట్టుకుంటుంది గనుక, సరిగా అతకని టైరు కూడా ఊరి వీధుల్లో ఏ ఇబ్బందీ పెట్టకుండా తిరుగుతుంది. వేగంగా మలుపు తిరుగుతుండగా గాలి పోయిందనుకోండి, అప్పుడు దానిని పట్టి ఉంచేది ఆ అతుకు ఒక్కటే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రిమ్మును పట్టే బ్రేకులున్న సైకిలు మీద శృంగవరపుకోట నుంచి అనంతగిరి ఘాటు ఎక్కి దిగేవారు గమ్మునే వాడాలి. రిమ్మును కాక చక్రం నడుమనున్న డిస్కును పట్టే బ్రేకులున్నవారు, శ్రీకాకుళం నుంచి కళింగపట్నం వంటి చదును దారుల్లో తిరిగేవారు టేపును నిస్సంకోచంగా వాడవచ్చు. ఈ తేడాకు కారణం వేడి. రిమ్మును పట్టే బ్రేకు అయితే, దిగుడులో దానిని పట్టిన ప్రతిసారీ సైకిలు వేగమంతా వేడిగా మారి రిమ్ములోకే చేరుతుంది. ఒత్తితే అంటుకునే జిగురు ఏదైనా వేడెక్కేకొద్దీ మెత్తబడుతుంది. గమ్ము కూడా మెత్తబడుతుంది గానీ, పలుచని పొరలుగా రిమ్ములోను, నూలు పట్టీ పోగుల్లోను ఇంకి ఉంటుంది గనుక దాని పట్టు అంత సులువుగా వదలదు. టేపు అలా ఇంకదు, పైపైనే పట్టుకుంటుంది. వేసవిలో మన దగ్గర తారు రోడ్డే మెత్తబడుతుందని మీకు తెలుసు. 2003 జూలై 14న టూర్ ద ఫ్రాన్స్ సైకిలు పందెంలో గాప్ పట్టణం వైపు దిగుతున్నప్పుడు స్పెయిన్ సైక్లిస్టు జోసెబా బెలోకి అలాంటి ఎండకు కరిగిన తారు మీదే పడ్డాడు. వెనుక చక్రం పట్టేసి, టైరు రిమ్ము నుంచి ఊడి వచ్చింది. తొడ ఎముక విరిగింది. అంతటి జట్టు మెకానిక్కులున్నవారికే అలా జరిగినప్పుడు మనం పనిని తూతూమంత్రంగా ముగించకూడదు.

ముందుగా రెండు పద్ధతులకూ ఉమ్మడిగా ఉన్న పని చూద్దాం. కొత్త టైరును గమ్ము లేకుండా పొడి రిమ్ము మీదికి ఎక్కించి, 100 పీఎస్‌ఐ వరకు గాలి కొట్టి, కనీసం ఒక రాత్రంతా ఉంచండి. కొత్త టైరు బిగుతుగా ఉంటుంది, ఇలా కొంచెం సాగితే తరువాత గమ్ము పూసిన రిమ్ము మీద పెనుగులాడవలసిన అవసరం ఉండదు. ఈ సమయంలోనే టైరును పక్కకు వంచి, రిమ్ములో టైరు కూర్చునే చోటి వంపూ టైరు అడుగు వంపూ కలుస్తున్నాయో లేదో చూడండి. వెడల్పు రిమ్ము మీద సన్నటి టైరు పెడితే అది నడుమ మాత్రమే ఆనుతుంది, అంచులు గాలిలో ఉంటాయి. ఆ చిన్న ఖాళీని గమ్ము పొరలు కొంత పూడుస్తాయి, టేపు మందం అంతటా ఒకటే గనుక అది పూడ్చలేదు. వంపులు కలవని చోట టేపు వాడకండి.

రిమ్మును అసిటోన్‌తో గానీ, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో గానీ తెల్లటి గుడ్డకు మరక అంటనంత వరకు తుడవాలి. కార్బన్ రిమ్ము అయితే ఏ ద్రావకం వాడవచ్చో తయారీదారు సూచన చదివి, దానినే పాటించండి. కొత్త అల్యూమినియం రిమ్ము మరీ నున్నగా ఉంటే సన్నటి గరుకు కాగితంతో తేలికగా రుద్దవచ్చు, కార్బన్‌ను మాత్రం రుద్దకండి. ఈ ద్రావకాలూ గమ్మూ త్వరగా నిప్పంటుకునేవి. వంటింట్లోను, దీపం వెలుగుతున్న పూజ గదికి దగ్గరలోను ఈ పని చేయకండి. గాలి ఆడే వరండాయే మంచిది.

ఇప్పుడు గమ్ము. విట్టోరియా మాస్టిక్ వన్, కాంటినెంటల్ వంటివి ట్యూబులర్ కోసమే తయారైనవి. కాంటినెంటల్‌లో అల్యూమినియం రిమ్ముకు ఒకటి, కార్బన్‌కు మరొకటి ఉన్నాయి. సైకిలు షాపులో దొరికే పంక్చర్ సొల్యూషన్ దీనికి పనికిరాదు. అది రబ్బరు మీద రబ్బరు ముక్కను అతికించడానికి చేసినది, రిమ్మును పట్టుకోదు. చెప్పులు కుట్టే చోట వాడే గమ్ము గట్టిగానే అంటుకోవచ్చు, కాని వేడిలో ఎలా ఉంటుందో, రేపు టైరు తీయాలంటే బేస్ టేపును చింపకుండా వస్తుందో రాదో ఎవరూ హామీ ఇవ్వలేరు.

బ్రష్షు మీద కొద్దిగా తీసుకుని, పెనం మీద ఉల్లిపాయ ముక్కతో నూనె రాసినట్టు, పలుచగా, అంచుల వరకు రాయండి. చాలామంది నడుమ ఎక్కువగా రాసి అంచులను వదిలేస్తారు, అతుకు ఊడటం మొదలయ్యేది సరిగ్గా ఆ అంచుల దగ్గరే. రిమ్ముకు రెండు పూతలు, బేస్ టేపుకు ఒకటి గానీ రెండు గానీ వేసి, పూతకూ పూతకూ మధ్య రాత్రంతా ఆరనివ్వాలి. వర్షాకాలంలో తేమ ఎక్కువగా ఉన్న రోజు ఇంకా ఆగండి. కెమెరాను దగ్గరికి తెస్తున్నాను, చూడండి: వేలి కణుపుతో తాకి వెనక్కి తీస్తే గమ్ము దారంలా సాగుతోంది, అంటే ఇది ఇంకా ఆరలేదు. ఇటు పక్కన నిన్న రాసినది తాకితే వేలికి అంటుకుంటున్నట్టు అనిపిస్తోంది, కాని దారం రావడం లేదు. ఇలా ఉన్నప్పుడే తరువాతి పూత వేయాలి.

చివరి పూతను రిమ్ముకు మాత్రమే, ముందరివాటికన్నా పలుచగా వేసి, కొన్ని నిమిషాలు ఆగి టైరు ఎక్కించాలి. టైరులో ఆకారం నిలిచేంత గాలి మాత్రమే ఉంచండి. వాల్వు రంధ్రం పైకి ఉండేలా చక్రాన్ని నేల మీద నిలబెట్టి, వాల్వును నిటారుగా దించి, రెండు చేతులతో టైరును కిందికి సాగదీస్తూ రెండు పక్కలా సమానంగా దిగండి. చివర మిగిలే జానెడు భాగాన్ని చక్రం ఎత్తిపట్టి బొటనవేళ్ళతో దాటించాలి. ఇక్కడ టైరు లివర్లు వాడితే మొదటికే మోసం వస్తుంది, బేస్ టేపు చిరుగుతుంది. ఎక్కాక సుమారు 30 పీఎస్‌ఐ గాలి కొట్టి చక్రం తిప్పుతూ, బేస్ టేపు అంచు రెండు వైపులా ఒకే వెడల్పులో కనిపిస్తోందో లేదో చూడండి. వంకర ఉన్నచోట టైరును కాస్త ఎత్తి తిప్పి సరిచేయండి. అప్పుడు పూర్తి గాలి కొట్టి, ఒక రోజంతా కదపకుండా ఉంచండి. తొందర ఉన్నవారికి ఈ పద్ధతి నచ్చదని నాకు తెలుసు.

వారి కోసమే టేపు. టుఫో, మియాటా, ఎఫెట్టో మారిపోసా వారి కరోన్యా వంటివి దొరుకుతాయి. గమ్ము నిప్పంటుకునే ద్రవం గనుక విమానంలో పంపడానికి ఆంక్షలున్నాయి, అందువల్ల మన జిల్లాలకు ఆలస్యంగా వస్తుంది. టేపుకు ఆ ఇబ్బంది లేదు. వాల్వు రంధ్రం దగ్గర మొదలుపెట్టి, ముడత పడకుండా, గాలి బుడగ మిగలకుండా రిమ్ము చుట్టూ అతికించి, బొటనవేలితో గట్టిగా రుద్దండి. వాల్వు కోసం రంధ్రం కోయండి. పైనున్న కాగితపు పొరను అప్పుడే మొత్తం తీయకూడదు. రెండు కొసలను వాల్వు దగ్గర కొంచెం లేపి, పక్కకు మడిచి బయటికి వేలాడనివ్వాలి. ఆ పొర మీదుగానే టైరు ఎక్కించి, కొద్దిగా గాలి కొట్టి, నడుమకు సరిచేసుకుని, ఆ తరువాత కొసలు పట్టుకుని పొరను నెమ్మదిగా పక్కకు లాగేయాలి. పొర తెగితే లోపలి ముక్క తీయడానికి టైరును మళ్ళీ లేపవలసి వస్తుంది, అందుకే చేయి రిమ్ముకు దగ్గరగా ఉంచి వాలుగా లాగండి. తరువాత పూర్తి గాలి కొట్టి, ప్యాకెట్ మీద చెప్పిన సమయం ఆగండి.

వేగం విషయంలో కూడా తేడా ఉంది. రోడ్డు గమ్ము ఎప్పటికీ పూర్తిగా గట్టిపడదు, చక్రం దొర్లేటప్పుడు టైరు దాని మీద కంటికి కనిపించనంతగా కదులుతూ కొంత శక్తిని తినేస్తుంది. పాత టైరు ఊడదీసినప్పుడు అల్యూమినియం రిమ్ము దగ్గర బేస్ టేపు మీద కనిపించే బూడిదరంగు మరక ఆ రాపిడి గుర్తే. టేపు పొర మందంగా, మెత్తగా ఉంటే ఆ నష్టం ఇంకా పెరుగుతుంది. అందుకే ట్రాకు పందేలవారు ఒకప్పుడు శెల్లాక్ వాడేవారు. ఏటికొప్పాక బొమ్మలకు మెరుపునిచ్చే లక్క నుంచి వచ్చేదే అది. రాయిలా గట్టిపడుతుంది గనుక ట్రాకు మీద బాగుంటుంది, కాని దారిలో టైరు మార్చవలసిన మనకు అది పనికిరాదు.

దారిలో టైరు మార్చడం గురించి కూడా ఆలోచించుకోవాలి. గమ్ము రిమ్ము అయితే, ముందే పూత వేసి ఆరబెట్టిన స్పేరు టైరును మడిచి సీటు కింద కట్టుకోండి. రిమ్ము మీద మిగిలిన జిగురుతో అది ఇల్లు చేరేంతవరకు పట్టి ఉంటుంది, అయితే మలుపుల్లో వేగం బాగా తగ్గించాలి. టేపు అయితే పాత టైరుతో పాటే ఊడి రావచ్చు, అప్పుడు రిమ్ము బోసిగా మిగులుతుంది. కాబట్టి టేపు వాడేవారు స్పేరు టైరుతో పాటు కొత్త టేపు చుట్ట, చిన్న కత్తెర కూడా తీసుకెళ్ళాలి.

ఏ పద్ధతిలో అతికించినా, బయలుదేరే ముందు గాలి పూర్తిగా తీసి, టైరును బొటనవేళ్ళతో పక్కకు గట్టిగా నెట్టి, చుట్టూ అంచు వెంట చూడండి. ఎక్కడైనా చీకటి గీతలా ఖాళీ తెరుచుకుంటే ఆ చక్రాన్ని ఆ రోజు వాడకండి. టైరు పూర్తిగా తీసి, ఊడిన చోట కొత్త పూతలు వేయాలి. టేపు అయితే మొత్తం గీకి పారేసి కొత్తది వేయాలి, ఎందుకంటే ఒకసారి లేచిన టేపు మీద దుమ్ము కూర్చున్నాక అది మళ్ళీ పట్టదు.