గుమ్మం దాకా వచ్చిన తీగ

అందరికీ నమస్కారం.

మాట మొదలుపెట్టే ముందు ఈ పసుపు తీగ చూడండి. వెనక వరుసల్లో వాళ్లకి కనపడదేమో, నోటితో చెబుతాను. అగ్గిపుల్ల కంటే కాస్త లావుగా ఉంది. ఇందులో ఎక్కువ భాగం తొడుగే. ఆ తొడుగు ఒలిచి, లోపలి నూలు పోగుల్లాంటివి పక్కకి తప్పించి, పూత గీకేస్తే మిగిలేది గాజు పోగు, అదే ఆప్టికల్ ఫైబర్. దాని మందం 125 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. వెలుగు నడిచే దారి దాని నడిమధ్యలో ఇంకా సన్నం, 9 మైక్రాన్ల దాకా ఉంటుంది. ఇప్పుడు ఈ చివర ఎర్ర లేజర్ పెన్ను పెడుతున్నా. ఆ చివర ఎర్రచుక్క వచ్చిందా? సరే, ఇప్పుడు తీగని వేలికి గట్టిగా చుట్టి మడుస్తా. చూశారా, మడత దగ్గర తీగే ఎర్రగా మెరుస్తోంది. వెలుగు అక్కడ బయటికి కారిపోతోంది. సోఫా కాలు కింద నలిగిన తీగకి పట్టే గతి ఇదే.

ప్రపంచంలో హైస్పీడ్ బ్రాడ్‌బ్యాండ్ ఎలా విస్తరించిందో చెప్పమన్నారు. అంతర్జాతీయ టెలికాం సమాఖ్య, అదే ఐటీయూ, లెక్కల్లో 2005లో స్థిర బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లు సుమారు 22 కోట్లు. 2023కి అవి దాదాపు 150 కోట్లు. ఒక్కో కనెక్షన్ మీద ఇంటిల్లిపాదీ వాడుకుంటారు కాబట్టి మనుషుల సంఖ్య ఇంకా పెద్దది. అయితే చప్పట్లు కొట్టే ముందు ఒక చిన్న సంగతి. ఆ లెక్కలో 256 కేబీపీఎస్, అంటే సెకనుకి 256 వేల బిట్ల వేగం ఉంటే చాలు, అది బ్రాడ్‌బ్యాండే. అమెరికాలో టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 1999లో 200 కేబీపీఎస్‌నే బ్రాడ్‌బ్యాండ్ అంది. 2010లో గీత 4 ఎంబీపీఎస్‌కి (ఒక ఎంబీపీఎస్ అంటే వెయ్యి కేబీపీఎస్) జరిగింది, 2015లో 25కి, 2024 మార్చిలో 100కి. 25తో హాయిగా ఉన్న ఇల్లు ఒక్క నిర్ణయంతో బ్రాడ్‌బ్యాండ్ లేని ఇల్లయిపోయింది! తీగ అదే, రౌటర్ అదే, నెలనెలా కట్టే బిల్లు కూడా అదే. అందుకే ఎవరైనా "మా దేశంలో ఇంత శాతం" అంటే, "ఎంత వేగానికి?" అని అడగడం నాకు అలవాటైపోయింది.

ఇన్నేళ్లు ఈ రంగాన్ని గమనించాక నాకు తోచింది చెబుతాను. ఏ దేశం ముందుకెళ్లింది, ఏది వెనకబడింది అన్నది చాలావరకు తేలేది వీధి స్తంభానికీ ఇంటి గోడకీ మధ్య ఉన్న ఆ కాస్త దూరంలోనే. తవ్వేదెవరు, తవ్వనిచ్చేదెవరు, స్తంభం ఎవరిది, గొట్టం ఎవరిది? కథంతా ఈ ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది.

గాజు సంగతి ఎప్పుడో తేలిపోయింది. 1966లో ఛార్లెస్ కావ్, జార్జ్ హాకమ్ ఒక పరిశోధన పత్రం రాశారు. గాజులోని మలినాలు తీసేసి, వెలుగు నష్టాన్ని కిలోమీటరుకి 20 డెసిబెల్స్‌కి తగ్గించగలిగితే దీంతో సమాచారం పంపొచ్చన్నారు. 20 డెసిబెల్స్ అంటే కిలోమీటరు నడిచేసరికి నూటికి ఒక వంతు వెలుగే మిగలడం. అప్పట్లో అంతమాత్రం గాజు కూడా లేదు. 1970లో కార్నింగ్ కంపెనీ శాస్త్రవేత్తలు ఆ గీత దాటారు. ఇవాళ్టి గాజులో నష్టం కిలోమీటరుకి 0.2 డెసిబెల్స్ దరిదాపుల్లో ఉంటుంది. ఆనాడు ఒక్క కిలోమీటరు తర్వాత మిగిలితే చాలనుకున్న వెలుగు, ఈనాడు వంద కిలోమీటర్ల తర్వాత మిగులుతోంది. కావ్‌కి నోబెల్ మాత్రం 2009లో వచ్చింది.

మరి 1970లోనే దారి తెరుచుకుంటే, ఇళ్లలోకి గాజు రావడానికి దశాబ్దాలెందుకు పట్టింది? ఇంటి గోడకి అప్పటికే రాగి తీగ ఉంది కాబట్టి. ఫోన్‌లో మన గొంతుకి 3,400 హెర్ట్జ్ దాకా చాలు. ఆ పైన తీగంతా ఖాళీ. ఆ ఖాళీలో డేటా పంపడమే డీఎస్ఎల్. అమెరికా టెలిఫోన్ పరిశోధన సంస్థ బెల్‌కోర్‌లో పనిచేసిన జోసెఫ్ లెక్‌లైడర్, కిందికి వచ్చే దారిని వెడల్పు చేసి పైకి వెళ్లే దారిని ఇరుకు చేస్తే మొత్తమ్మీద లాభమని చూపించాడు. ఏడీఎస్ఎల్‌లో మొదటి అక్షరం 'ఏ', అంటే అసిమెట్రిక్, రెండు వైపులా సమానం కాదని, దాని గుర్తే. జనం డౌన్‌లోడ్ చేసుకునేదే ఎక్కువ కదా అన్న ఆ అంచనా చాలాకాలం నిలబడింది, అందరం ఇంట్లో కూచుని వీడియో కాల్స్ చేసే రోజు వచ్చేదాకా. ఫోన్ కాల్ చేసి నెట్‌కి కలిసే పాత డయలప్‌లో 56 కేబీపీఎస్‌తో కుస్తీ పట్టినవాళ్లకి ఏడీఎస్ఎల్ స్వర్గం. చిక్కల్లా దూరమే. ఎక్స్ఛేంజీ పక్కింటికి పరుగు, నాలుగైదు కిలోమీటర్ల అవతలి ఇంటికి పాకుడు.

ఆ దూరం చిక్కు దక్షిణ కొరియాకి పెద్దగా లేకపోయింది. జనం అపార్టుమెంట్లలో ఇరుగ్గా ఉంటారు. భవనం దాకా లైన్ లాగితే వందల ఇళ్లు ఒక్కసారే దొరుకుతాయి. 1999లో హనారో టెలికాం ఏడీఎస్ఎల్ తెచ్చింది, పాత కంపెనీతో పోటీ మొదలైంది. భవనం లోపలి లైన్లు ఎంత బాగున్నాయో చూసి ప్రభుత్వం గ్రేడు ఇచ్చేది. బిల్డర్లు దాన్ని ప్రకటనల్లో వేసుకునేవాళ్లు. 2002కల్లా కోటి కనెక్షన్లు, ఐదు కోట్లు కూడా లేని దేశంలో. జపాన్‌లో పాత కంపెనీ తన రాగి తీగల్ని పోటీదారులకి అద్దెకివ్వక తప్పదన్న నియమం ఉంది. దాన్ని పట్టుకుని 2001లో యాహూ బీబీ చవక ధరకి దిగింది. వీధుల్లో గొడుగులు వేసుకుని మోడెంలు పంచింది. మిగతా కంపెనీలు ధరలు దించక తప్పలేదు.

నాకు ఇంకా ఇష్టమైన కథ రుమేనియాది. పెద్ద కంపెనీలు రాకముందే కుర్రాళ్లు ఒక బ్లాకు నుంచి ఇంకో బ్లాకుకి కిటికీల్లోంచి, డాబాల మీదుగా నెట్‌వర్క్ కేబుళ్లు లాగేశారు. మొదట్లో గేములు ఆడుకోడానికి, సినిమాలు పంచుకోడానికి. ఆ పేటల నెట్‌వర్కులే తర్వాత చిన్న చిన్న కంపెనీలయ్యాయి, పెద్దవి వాటిని కొనేశాయి. ఐరోపాలో వేగానికి ఆ దేశం పేరు మోగడానికి పునాది ఆ చిందరవందర తీగలే. చూడ్డానికి మాత్రం భయంకరంగా ఉండేవనుకోండి.

ఇంగ్లండ్‌లో లాంకషైర్ పల్లెల్లో రైతులు ఇంకో దారి పట్టారు. కంపెనీలు రామన్నాయి. బీ4ఆర్ఎన్ అని సొంత సంస్థ పెట్టుకుని, పొలాల్లో దారి ఉచితంగా ఇచ్చుకుని, తమ యంత్రాలతో తామే కందకాలు తవ్వుకున్నారు. కొందరు తవ్వకం కూలికి బదులు షేర్లు తీసుకున్నారు. అలా గొర్రెలు మేసే చోటికి గిగాబిట్, అంటే వెయ్యి ఎంబీపీఎస్ వేగం వచ్చింది.

దీనికి పూర్తి ఎదురు ఆస్ట్రేలియా. 2009లో 90 శాతం ఇళ్లకి, ఆఫీసులకి ఫైబర్ వేస్తామన్నారు. 2013లో ప్రభుత్వం మారింది, ఖర్చెక్కువని పాత రాగిని కలుపుకుపోదామన్నారు. 2020లో అదే రాగి ఉన్న చోట్ల మళ్లీ ఫైబర్ వేస్తామన్నారు. ఒకే వీధిని రెండుసార్లు తవ్వితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

స్పెయిన్, జర్మనీలని పక్కపక్కన పెట్టి చూడండి. స్పెయిన్‌లో పాత కంపెనీ తన భూగర్భ గొట్టాల్ని పోటీదారులకి తెరవాల్సి వచ్చింది. కొత్తగా తవ్వే పని తగ్గింది. సంపన్న దేశాల కూటమి ఓఈసీడీ లెక్కల్లో అక్కడి స్థిర కనెక్షన్లలో ఫైబర్ వాటా 80 శాతం పైమాటే. జర్మనీలో 2023 నాటికి అది 10 శాతం దగ్గరే ఉంది. ఇంజనీర్లు తక్కువై కాదు. రాగి మరీ బాగుండటమే కొంప ముంచింది. పిండే కొద్దీ ఇంకాస్త వేగం వస్తుంటే కొత్త తీగకి డబ్బు ఎవరు పెడతారు?

నా సిద్ధాంతానికి ఒక మినహాయింపు ఒప్పుకోవాలి. కెన్యా, టాంజానియాలకి 2009లో సీకామ్ అనే సముద్రగర్భ కేబుల్ వచ్చేదాకా బయటి ప్రపంచంతో డేటా బంధం ప్రధానంగా ఉపగ్రహాలే. 36 వేల కిలోమీటర్ల ఎత్తుకి వెళ్లి రావాలంటే ప్రశ్నకి జవాబు రావడానికే అర సెకను. అక్కడ ముందు తెగాల్సిన ముడి సముద్రంలోనే ఉంది. పసిఫిక్‌లోని దీవుల దేశం టోంగాదీ అదే బాధ. 2022 జనవరిలో అగ్నిపర్వతం పేలి కేబుల్ తెగింది, ప్రధాన దీవికి మళ్లీ కలపడానికి ఐదు వారాలు పట్టింది. ఇప్పుడు కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తులోనే తిరిగే స్టార్‌లింక్ ఉపగ్రహాలొచ్చాక అలాంటి చోట్ల ప్రాణం కుదుటపడింది. కిక్కిరిసిన నగరాలకి మాత్రం అవి చాలవు, ఒక్కో ఉపగ్రహం మోసే డేటాని కింద ఉన్న అందరూ పంచుకోవాలి కదా.

ఇక తీగ వచ్చాక కూడా ఆగిపోయేవాళ్ల సంగతి. మొబైల్ కంపెనీల సంఘం జీఎస్ఎంఏ లెక్క చూడండి. బ్రాడ్‌బ్యాండ్ సిగ్నలే అందని జనం ప్రపంచంలో 4 శాతం దాకా. సిగ్నల్ నెత్తి మీదే ఉన్నా మొబైల్ ఇంటర్నెట్ వాడనివాళ్లు 300 కోట్లకు పైనే. ఫోన్ కొనలేక కొందరు, చదవడం రాక కొందరు, తమ భాషలో పనికొచ్చేది దొరక్క ఇంకొందరు. కంపెనీల భాషలో "ఇంటి ముందు నుంచి లైన్ వెళ్లింది" అన్నది ఒక లెక్క, "ఇంట్లోకి వెళ్లింది" అన్నది వేరే లెక్క. పత్రికల్లో పెద్దక్షరాల్లో వచ్చేది ఎప్పుడూ మొదటిదే.

ఇంట్లోకి వచ్చాక కూడా కథ అయిపోదు. ఆ మధ్య ఒకసారి వేగం రావట్లేదని కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి గట్టిగానే అరిచాను. వచ్చిన కుర్రాడు ఓపిగ్గా వైరు దగ్గర కొలిచి చూపించాడు, మూడు వందల ఎంబీపీఎస్ నిండుగా ఉంది. రౌటర్‌ని ఇనుప బీరువా వెనక పెట్టింది నేనే. టీ తాగి వెళ్లమన్నా, ఇంకో ఇల్లుంది సార్ అని వెళ్లిపోయాడు.

ఈ పసుపు తీగని ముందు వరుస నుంచి పంపిస్తున్నా, లేజర్ పెన్ను కూడా. పెన్నుని మాత్రం ఎవరి కళ్లలోకీ కొట్టకండి. మడిచి చూసి వెనక్కి అందించండి, ఈలోగా ప్రశ్నలుంటే అడగండి.