బొమ్మ గుర్రానికి కాళ్ళు ఎక్కడుండాలి?

సభకు నమస్కారం. ముందు వరసలో కూర్చున్న నాటకం పెద్దలకు, చిత్రకారులకు, నాతోపాటు క్లాసు ఎగ్గొట్టి వచ్చి వెనక వరసలో సర్దుకున్న మిత్రులకు కూడా.

యానిమేషన్ చదువుతున్నానని చెప్పగానే చుట్టాలు అడిగే మొదటి ప్రశ్న "ఉద్యోగాలు ఉంటాయా?" రెండోది "అచ్చం నిజంలాగే చేస్తారా?" మొదటిదానికి జవాబు నాకూ తెలియదు. రెండోది మాత్రం నాలుగేళ్ళుగా నన్ను వదలడం లేదు. ఈ పూట దాని గురించే మాట్లాడతాను. ఒక గుర్రంతో మొదలుపెడతాను.

1821లో జెరికో అనే ఫ్రెంచి చిత్రకారుడు ఇంగ్లండులోని ఎప్సమ్ గుర్రప్పందెం బొమ్మ వేశాడు. ఇప్పుడది పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఉంది. నాలుగు గుర్రాలు ముందు కాళ్ళు ముందుకీ వెనక కాళ్ళు వెనక్కీ బారచాపి నేలను తాకకుండా దూసుకుపోతుంటాయి. చూడగానే వేగం కంటికి తగులుతుంది. 1878లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో మైబ్రిడ్జ్ అనే ఫొటోగ్రాఫర్ 12 కెమెరాలు వరసగా పెట్టి, పరిగెత్తే గుర్రం ఒక్కో కెమెరా ముందుకు రాగానే ఫొటో పడేలా ఏర్పాటు చేశాడు. నాలుగు గిట్టలూ గాల్లో ఉండే క్షణం ఉందని తేలింది. అయితే ఆ క్షణంలో కాళ్ళు బారచాచి లేవు, పొట్ట కిందికి ముడుచుకుని ఉన్నాయి. అంటే జెరికో వేసినట్టు పరిగెత్తిన గుర్రం ఈ లోకంలో పుట్టలేదు.

యుద్ధచిత్రాలకు పేరుమోసిన మెసోనియే ఆ ఫొటోలు చూసి కంగారుపడి తన గుర్రాలను దిద్దుకునే పనిలో పడ్డాడు. శిల్పి రోదాన్ మాత్రం ఒప్పుకోలేదు. ఫొటోదే అబద్ధం, జెరికోదే నిజం అన్నాడు. లోకంలో కాలం ఎక్కడా ఆగదు, ఫొటో దాన్ని ఆపి చూపిస్తుంది కాబట్టి. జెరికో గుర్రాన్ని వెనకనుంచి ముందుకు చూసుకుంటూ రండి. వెనక కాళ్ళు నేలను తన్నడం ముగించిన క్షణంలో ఉంటాయి, ముందు కాళ్ళు దాని తర్వాతి క్షణంలో ఉంటాయి. రెండు వేర్వేరు క్షణాలు ఒకే ఒంట్లో ఇమిడాయి. మనకిది వింతేం కాదు. లేపాక్షిలో ఒకే ఒంటికి మూడు తలలున్న ఆవు శిల్పం ఉంది. రెండు తలలను చేత్తో మూసి చూస్తే ఒక్కో తలతో ఒక్కో ఆవు. నేనైతే దాన్ని మూడు ఫ్రేములుగా చదువుకుంటాను. శిల్పి ఉద్దేశం అదేనని పందెం కాయలేను లెండి.

యానిమేషన్ వాడికి ఇది రోజువారీ పని. సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు. మేం చాలాసార్లు ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములపాటు ఉంచుతాం. దాన్ని 'ఆన్ టూస్' అంటాం, అంటే సెకనుకు 12 బొమ్మలు. పాత్ర చెయ్యి విసురుగా తిరిగిందనుకోండి, ఒక బొమ్మకూ మరో బొమ్మకూ మధ్య దూరం పెరిగిపోయి చెయ్యి ఇక్కడ మాయమై అక్కడ ప్రత్యక్షమైనట్టు ఉంటుంది. అప్పుడు మధ్యలో ఒక బొమ్మలో చేతిని రబ్బరులా సాగదీసి, అవసరమైతే మూడు మోచేతులు పెట్టి వేస్తాం. దాని పేరు స్మియర్. 1942లో చక్ జోన్స్ తీసిన ఒక చిన్న కార్టూన్ చిత్రం వీటికి ప్రసిద్ధి. అక్కడ ఆపి చూస్తే వికారంగా ఉంటుంది, ఆడిస్తే పాత్ర చురుగ్గా కదులుతుంది. జెరికో చేసింది ఇదే, ఒక్క బొమ్మలో.

మరి నిజాన్ని అచ్చుదింపితే పోలేదా అని మా జూనియర్లు అడుగుతారు. ఆ దారి కూడా వందేళ్ళ కిందటే తొక్కారు. అమెరికన్ యానిమేటర్ మాక్స్ ఫ్లైషర్ 1915లో రోటోస్కోప్‌కి పేటెంటు దరఖాస్తు పెట్టాడు, 1917లో వచ్చింది. మనిషిని సినిమా తీసి, ఒక్కో ఫ్రేమునూ గాజు మీద పడేలా చేసి, దాని మీద గీత గీయడం. తమ్ముడు డేవ్‌కి విదూషకుడి వేషం వేసి గీశాడు. పని జరిగింది. కానీ ఉన్నదున్నట్టు దించిన కదలికలో బరువు తగ్గుతుంది. క్లాసులో మీరెవరైనా చేసి చూడొచ్చు, మనిషి నడుస్తున్నట్టు కాక నీళ్ళలో తేలుతున్నట్టు ఉంటాడు. 1937 నాటి స్నో వైట్ సినిమాకు కూడా నటులతో ముందు ఫిల్ము తీసుకున్నారు. ఆ సినిమాలో మీకు గుర్తున్నదెవరు? రాకుమారుడా, ఏడుగురు మరుగుజ్జులా? నిజం మనిషి కొలతకు దగ్గరగా ఉన్నవాడు రాకుమారుడే.

ఇక్కడ నాకు పనికొచ్చిన మాట మన అలంకారశాస్త్రంలో దొరికింది. పరీక్షలో అయిదు మార్కులకు బట్టీపట్టిన పాఠమే, తర్వాత ఎప్పుడో అర్థమైంది. కాశ్మీరానికి చెందిన శ్రీశంకుకుడు, నాట్యశాస్త్రానికి వ్యాఖ్య రాసిన అభినవగుప్తుడి కంటే ముందువాడు, చిత్రతురగ న్యాయం, అంటే బొమ్మ గుర్రం పోలిక, అని ఒకటి చెప్పాడు. గోడమీద గుర్రం బొమ్మ చూసి 'ఇది గుర్రమే' అని ఎవరూ ఎక్కడానికి పోరు. 'ఇది గుర్రం కాదు, రంగు' అనీ అనుకోరు. గుర్రమా కాదా అన్న సందేహమూ రాదు, గుర్రంలాంటిది ఇంకేదో అన్న పోలికా రాదు. ఈ నాలుగింటికీ చెందని అయిదో రకం ఎరుక ఒకటి ఉంది, రంగస్థలం మీద నటుణ్ణి రాముడుగా చూసేది దానితోనే అంటాడు. అభినవగుప్తుడి గురువు భట్టతౌతుడు శంకుకుడి అనుకరణ వాదాన్ని గట్టిగానే ఖండించాడు, ఆ చర్చలోకి దిగే శక్తి నాకు లేదు. కానీ 'అచ్చం నిజంలాగే' అన్న ప్రశ్నకు ఆ గుర్రం దగ్గర సమాధానం ఉంది. ప్రేక్షకుడు మోసపోవడానికి రాడు. పోల్చి మార్కులు వేయడానికీ రాడు.

నాట్యశాస్త్రం చెప్పిన భరతుడి లోకధర్మి (లోకంలో ఉన్నట్టే చూపడం), నాట్యధర్మి (రంగస్థలం కోసం మార్చి చూపడం) గురించి ఈ సభలో నేను చెప్పడం హనుమంతుడి ముందు కుప్పిగంతులే. అయినా ఒక్క మాట. పక్కనే నిలబడ్డ పాత్రకు వినపడనట్టు ఇంకో పాత్ర చెయ్యి అడ్డంపెట్టి మనతో మాట్లాడుతుంది. అది నాట్యధర్మి. మనం 'అదెలా వినపడదు?' అని అడగం. ఈ రెండు మాటలూ పట్టుకుని సినిమాలు చూస్తే కొన్ని చిక్కులు విడిపోతాయి. 2019లో ది లయన్ కింగ్‌ని మళ్ళీ కంప్యూటర్ మీద తీశారు. ఒక్కో వెంట్రుకా నిజం, దుమ్మూ నిజం. కానీ నిజమైన సింహానికి దుఃఖం వస్తే కనుబొమ్మలు పైకి లేవవు, అందుకని ఇక్కడా లేవలేదు. తండ్రి చనిపోయిన సింహం పిల్ల ముఖం జంతువుల డాక్యుమెంటరీలో పిల్ల ముఖంలా ఉంది. 1994లో చేత్తో గీసిన పాత సినిమా దగ్గర ఏడ్చినవాళ్ళలో చాలామందికి ఇక్కడ కన్నీరు రాలేదు. నా వాదనకు అడ్డొచ్చే సంగతి కూడా చెప్పాలి, ఆ 2019 సినిమా 160 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. జనానికి నచ్చలేదని నేను అనలేను.

దాని పక్కన 2012 నాటి మన ఈగను పెట్టి చూడండి. రెక్కలు, రోమాలు, గాజులాంటి కళ్ళు, పైకి అంతా లోకధర్మే. మాట లేదు. ముఖంలో ముప్పాతిక భాగం కదలని కళ్ళే, కనుబొమ్మలు లేవు. మరి పగ ఎక్కడ చూపించారు? ముందు కాళ్ళలో, మెడ తిప్పడంలో, ఎగరబోయే ముందు ఒక్క క్షణం ఆగడంలో. అంటే చర్మం లోకధర్మి, కదలిక నాట్యధర్మి. సింహానికి ముఖం ఉండి కూడా వాడుకోలేదు, ఈగకు ముఖం లేకపోయినా పని నడిచింది. ఏది నిజంగా ఉంచాలి, ఏది పెంచాలి అని ఎవరో కూర్చుని నిర్ణయించుకున్నారు. నాకు కళ అంటే ఆ నిర్ణయమే.

ఇప్పుడు కొత్తదనం సంగతి. మా వాళ్ళ షోరీళ్ళు, అంటే తమ పనితనం చూపించే చిన్న వీడియోలు, చూస్తే ఒకే కత్తి, ఒకే డ్రాగన్, బరువైన పెట్టె ఎత్తే ఒకే మనిషి. తప్పు పిల్లలది కాదు. హైదరాబాద్ స్టూడియోల్లో విదేశీ పని చాలా నడుస్తుంది, వాళ్ళిచ్చిన నమూనాకు సరిగ్గా కలిపేవాడికే అక్కడ జీతం. కలపడం కూడా గట్టి విద్యే. కాకపోతే కొత్తదనం అంటే ఎవరూ చెప్పని కథ, ఎవరూ వేయని శైలి అని అనుకుని అక్కడే తంటాలు పడతాం. నాకు అది చాలా చిన్న చోట దొరికింది, నోట్లో.

పాత్ర మాట్లాడుతుంటే పెదాలు కలపడానికి అమెరికన్ యానిమేటర్ ప్రెస్టన్ బ్లెయిర్ గీసిన నోటి బొమ్మల పట్టీ ఒకటి ఉంది. చాలాచోట్ల దాన్నే వాడతారు. అది ఇంగ్లీషు నోరు. అందులో 'వీ' అక్షరానికి పై పళ్ళు కింది పెదవిని కొరుకుతాయి. మన 'వ' అలా పలకదు, పెదవి పళ్ళ దగ్గరికి వచ్చి ఊరుకుంటుంది. ఆ పట్టీ ప్రకారం 'వచ్చావా' అని పలికిస్తే పాత్ర ఎవరిమీదో పళ్ళు నూరుతున్నట్టు ఉంటుంది. 'వాళ్ళ' అన్నప్పుడు నాలుక వెనక్కి మడత పడుతుంది, బయటికి ఏమీ కనిపించదు, కాబట్టి అక్కడ పెదాలు ఆడించడం దండగ, దవడ కొద్దిగా దించితే చాలు. 'మామ'లో మధ్య 'మ' దగ్గర పెదాలు ఒక్కసారి తాకి విడిపోతాయి. 'అమ్మ'లో తాకి, కాసేపు అలాగే ఉండి, అప్పుడు విడిపోతాయి. ఆ ఒత్తుకు ఇంకో రెండు ఫ్రేములు ఇవ్వకపోతే ఎంత బాగా గీసినా డబ్బింగ్ బొమ్మే. ఇంగ్లీషు మాటలు చాలావరకు హల్లుతో ఆగిపోతాయి. మన మాటలు అచ్చుతో ముగుస్తాయి, అవును, ఇల్లు, వాడు, పాలు, పెదాలు కాస్త ముందుకొచ్చి నిలుస్తాయి. అది కూడా యాసను బట్టి మారుతుంది. 'వస్తున్నాడు' అనే నోరూ 'వస్తుండు' అనే నోరూ ఒకే లెక్కలో ఆగవు.

ఇవన్నీ నేను కనిపెట్టినవి కావు, మీ అందరి నోళ్ళలోనూ ఉన్నవే. చూసినవాడు తక్కువ, అంతే. శ్రీ సత్యసాయి జిల్లా నిమ్మలకుంటలో తోలుబొమ్మల కుటుంబాలున్నాయి. వాళ్ళలో దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. తరతరాలుగా ఆడేది ఎక్కువగా అదే రామాయణం. కొత్త కథ కావాలని ఎవరూ అడగరు. అయినా హనుమంతుడికి ఒక్క బొమ్మ సరిపోదు, చిన్నదొకటి, పెద్దదొకటి, సందర్భాన్ని బట్టి మారుస్తారు. బొమ్మను తెరకు ఆనిస్తే అంచు స్పష్టంగా ఉంటుంది, దీపం వైపు లాగితే నీడ పెరిగి చెదురుతుంది. కెమెరా లేని క్లోజప్ అది. మధ్యలో బంగారక్క, జుట్టు పోలిగాడు అనే హాస్యపాత్రలు వచ్చి ఆ ఊరి సంగతులే ఆ పూట మాట్లాడతారు. రామాయణం పాతదే, పోలిగాడి మాట మాత్రం నిన్నటిది కాదు.

2025 మార్చిలో మీ ఫోన్లలో కూడా వచ్చే ఉంటాయి, మనవల ఫొటోలు, పెళ్ళి ఫొటోలు, అన్నీ జపాన్ యానిమేషన్ సంస్థ జిబ్లీ స్టూడియో బొమ్మల్లాగా ఏఐ మార్చినవి. మాలో కొందరు భయపడ్డారు, కొందరు తమ ఫొటో కూడా మార్చుకున్నారు. నాకు గుర్తొచ్చింది 2016 నాటి ఒక జపాన్ డాక్యుమెంటరీలో జిబ్లీ దర్శకుడు మియజాకి. కంప్యూటర్ తనంతట తాను నేర్చుకున్న కదలికతో, తలను కాలులా వాడుకుంటూ పాకే ఒక ఆకారాన్ని ఆయనకు చూపించారు. దానికి నొప్పి తెలియదని చేసినవాళ్ళు ఉత్సాహంగా చెప్పారు. ఆయన, చెయ్యి కలపడమే కష్టమైన తన వికలాంగ మిత్రుణ్ణి తలచుకుని, ఇది చేసినవాళ్ళకు నొప్పి అంటే ఏమిటో తెలియదన్నాడు. ఆయన కోపం యంత్రం మీద అని చాలామంది రాశారు. నాకు మాత్రం ఎవరినీ చూడకుండా చేసిన కదలిక మీద అనిపించింది. చేత్తో గీసినా అలాంటి కదలిక వస్తుంది, మా క్లాసులోనే బోలెడు.

ఇక అర్థం. మా చిత్రాలకు మార్కులు వేసే జ్యూరీలో తప్పకుండా అడుగుతారు, "దీని ద్వారా ఏం చెప్పదలుచుకున్నారు?" దీనికి నా దగ్గర ఉన్నది 1944 నాటి ఒక ప్రయోగం. అమెరికాలో హైడర్, జిమ్మెల్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు చిన్న ఫిల్ము చేశారు. పెద్ద త్రిభుజం, చిన్న త్రిభుజం, ఒక వృత్తం, తలుపున్న ఒక పెట్టె. అంతే. ఏం చూశారో రాయమంటే 34 మందిలో ఒక్కరు తప్ప అందరూ జీవమున్నవాటి కథలాగే రాశారు. పెద్ద త్రిభుజం దౌర్జన్యపరుడు, వృత్తం భయపడింది, చిన్నది కాపాడింది. కళ్ళు లేవు, చేతులు లేవు. ఎవరు ఎవరి వెంటపడ్డారు, ఎక్కడ ఆగారు, ఎంతసేపు ఆగారు, ఇంతే. కాబట్టి అర్థాన్ని నేను కథలో దాచిపెట్టాల్సిన పని లేదు, ప్రేక్షకుడు ఎలాగూ తయారుచేసుకుంటాడు. నా పని ఎక్కడ ఆపాలో తేల్చుకోవడం. జ్యూరీలో ఇలా చెబితే మార్కులు రావు, ఒక పేజీ 'కాన్సెప్ట్ నోట్' రాసుకుని పోవడం మంచిది.

నా చివరి సంవత్సరం చిత్రం ఇద్దరు ఆడవాళ్ళ మధ్య, వరిపొలం గట్టు మీద. ఎదురెదురు వస్తారు, గట్టు ఒక్కరికే సరిపోతుంది, ఎవరు పక్కకు దిగాలన్నదే కథ. మాటలు పెట్టొద్దంటారు మా గైడు గారు, మాటలు లేకపోతే ఏ దేశం ఫెస్టివల్‌కైనా పోతుందని. నేను నాలుగు మాటలైనా ఉండాలంటున్నాను. ఎందుకంటే వాళ్ళలో ఒకామె 'అమ్మా' అని 'మ్మ' దగ్గర ఎంతసేపు ఆగుతుందో, అక్కడే ఆమె దిగుతుందో లేదో తేలిపోతుంది. ఆ ఆగడాన్ని మాట లేకుండా ఒంటితోనే చూపించవచ్చని ఆయన వాదన. ఇద్దరం ఇంకా అక్కడే ఉన్నాం. ఈ సభలో వేదిక ఎక్కినవాళ్ళు, దర్శకత్వం చేసినవాళ్ళు ఉన్నారు. మీరైతే ఆ గట్టు మీద ఏం చేయిస్తారో చెప్పండి, రాసుకుంటాను.