చిన్న టర్బైన్ ఇంజను ఖర్చు ఎక్కడ ఖాయమవుతుంది?

నమస్కారం. బెంగళూరులో ఇంజనీరింగ్ చదువుతున్న మన తెలుగు విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: పెద్ద జెట్ ఇంజను కొలతలు తగ్గించి గీస్తే చవకైన చిన్న ఇంజను రావాలి కదా, ఎందుకు రాదు?

కొలతలు తగ్గినంత సులభంగా సందులు తగ్గవు కాబట్టి. వంద మిల్లీమీటర్ల బ్లేడు కొసకూ కేసింగుకూ మధ్య అర మిల్లీమీటరు సందు ఉంటే అది బ్లేడు ఎత్తులో అర శాతమే. పది మిల్లీమీటర్ల బ్లేడు దగ్గర ఆ సందును 0.2 మిల్లీమీటర్లకు కుదించినా రెండు శాతం అవుతుంది, అందులోంచి జారిపోయే గాలి తాలూకు నష్టాన్ని ఇంజను బతికినంత కాలం ఇంధనం రూపంలో చెల్లించాల్సిందే. ధ్రువ్ హెలికాప్టర్ కోసం ప్రభుత్వ విమాన తయారీ సంస్థ హిందుస్థాన్ ఏరోనాటిక్స్ (హెచ్‌ఏఎల్), ఫ్రాన్సుకు చెందిన టర్బోమెకా కలిసి రూపొందించిన శక్తి ఇంజనులో గాలిని కుదించడానికి బుల్లి బ్లేడ్ల వరుసలకు బదులు, గాలిని బయటి అంచుకు విసిరే రెండు సెంట్రిఫ్యూగల్ చక్రాలు కనిపించడానికి ఇదొక ముఖ్య కారణం.

అసలు చిక్కంతా వేడి వాయువుల తాకిడికి తిరిగే టర్బైన్ చక్రం దగ్గర ఉంది. బ్లేడ్లనూ వాటిని మోసే మధ్య డిస్కునూ కలిపి నికెల్ మిశ్రలోహంతో ఒకే పోతగా పోస్తే విడిభాగాలూ మెషినింగూ తగ్గి తయారీ ధర దిగుతుంది. కానీ క్రీప్‌ను (వేడిలో, బరువు కింద లోహం మెల్లగా సాగడాన్ని) తట్టుకోవడానికి బ్లేడుకు ముతక స్ఫటిక రేణువులు కావాలి, ఫెటీగ్‌ను (ఒత్తిడి పదేపదే పడి లోహం పగలడాన్ని) తట్టుకోవడానికి డిస్కుకు సన్నవి కావాలి. ఒకే పోతలో రెండూ రాబట్టడం చాలా కష్టం. పైగా ఒక్క బ్లేడు అంచు కాలినా చక్రం మొత్తం మార్చాల్సి రావచ్చు.

అందుకే ఆ ఇంజను చేయబోయే పనిని ముందు అడగాలి. బెంగళూరులోనే హెచ్‌ఏఎల్ రూపొందించిన పీటీఏఈ-7, కాల్పుల సాధనలో గురిగా వాడే ‘లక్ష్య’ అనే పైలట్ లేని విమానానికి సంబంధించిన ఇంజను. దాని మొత్తం ఆయుష్షు హెలికాప్టర్ ఇంజనుతో పోలిస్తే బహు స్వల్పం, కనుక అక్కడ ఒకే పోత వంటి చవక మార్గం న్యాయమే. వేల గంటలు తిరగాల్సిన ఇంజనుకు మాత్రం నేను ఉష్ణోగ్రతనే ముందు తగ్గిస్తాను. బ్లేడు లోహం మరో పది పదిహేను డిగ్రీలు వేడెక్కితే క్రీప్ ఆయుష్షు సుమారుగా సగమైపోతుంది. కొద్దిపాటి అదనపు శక్తి కోసం ఓవర్‌హాల్‌ను (ఇంజను విప్పి చేసే పూర్తి మరమ్మతును) అంత ముందుకు లాక్కోవడం నాకు సమ్మతం కాదు. గంటలతో పాటు స్టార్టులనూ లెక్కించాలి, ఎందుకంటే ప్రతి స్టార్టూ డిస్కును ఒకసారి వేడి చేసి చల్లార్చే ఫెటీగ్ సైకిలే.

చివరగా, డ్రాయింగులో బోరోస్కోప్ (ఇంజను లోపలికి దూర్చి చూసే సన్నని కెమెరా గొట్టం) రంధ్రాన్ని మరచిపోకండి. ఇంధనం మండే కంబస్టర్ పక్కన ఆ చిన్న రంధ్రం లేకపోతే, ఒక్క బ్లేడు పగులు చూడటానికి మెకానిక్ ఇంజనంతా విప్పాలి.