మూడు బంగారు గనులు, కొన్ని న్యూట్రినోలు

సుధ: నమస్కారం. పేలిన నక్షత్రాల నుంచి వచ్చే న్యూట్రినోలు, అంటే దేన్నీ దాదాపు తాకకుండా దాటిపోయే అతి చిన్న కణాలు, పరమాణు కేంద్రకాలను తాకితే ఏమవుతుంది? ఇదీ ఇవాళ్టి సంగతి. రమణా, నువ్వు కోలార్ అన్నప్పుడల్లా కొట్టే గంట నా చేతిలోనే ఉంది.

రమణ: నేనింకా నోరే తెరవలేదు!

సుధ: తెరుస్తావుగా. 1987 ఫిబ్రవరి 23న పెద్ద మెగలన్ మేఘం అనే పక్క గెలాక్సీ నుంచి, అంటే 1.6 లక్షల కాంతి సంవత్సరాల దూరం నుంచి వచ్చిన న్యూట్రినోలు నీళ్ల ట్యాంకు డిటెక్టర్లలో, జపాన్ కమియోకాండేలో 11, అమెరికా ఐఎంబీలో 8 దొరికాయి. పేలుడు వెలుగు కన్నా ముందే...

రమణ: ఆగాగు. 1965లో సరిగ్గా అదే ఫిబ్రవరి 23న దక్షిణాఫ్రికా బంగారు గనిలో భౌతిక శాస్త్రవేత్త రైన్స్ బృందానికి మొదటి సహజ న్యూట్రినో జాడ దొరికింది. మరి మన కోలార్ గనిలో...

[గంట]

సుధ: రెండు నిమిషాలు కూడా కాలేదు!

రమణ: కొట్టుకో. టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఒసాకా, డర్హమ్ వాళ్లతో కలిసి అక్కడ రెండు కిలోమీటర్లకు పైగా లోతున డిటెక్టర్లు పెట్టారు. అదే ఏడాది పట్టారు. పేపర్ మనదే ముందు అచ్చయింది, రెండు వారాల తేడాతో!

సుధ: చూసింది వాళ్లు ముందు.

రమణ: అచ్చులో ఎవరు ముందైతే వాళ్లే ముందు.

సుధ: అయితే నీ పుట్టినరోజు మున్సిపాలిటీ సర్టిఫికెట్ ఇచ్చిన రోజున చేద్దామా?

రమణ: (నవ్వు) మా అమ్మకి ఈ మాట వినపడనివ్వకు.

సుధ: పైగా ఆ గనుల్లో దొరికినవి పేలిన నక్షత్రాలవి కావు. అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు మన గాలిని గుద్దితే పుట్టినవి. వాటి శక్తి చాలా ఎక్కువ.

రమణ: పద్ధతి చూడవా మరి! న్యూట్రినో గని చుట్టూ ఉన్న రాతిలో కేంద్రకాన్ని గుద్దుతుంది, మ్యూయాన్ అనే, ఎలక్ట్రాన్ లాంటిదే కానీ బరువైన కణం పుడుతుంది, అది అడ్డంగా వచ్చి డిటెక్టర్‌లో దూరుతుంది. ఆకాశం నుంచి వచ్చే మామూలు మ్యూయాన్లు అంత రాయి దాటి అడ్డంగా రాలేవు. అంటే అది న్యూట్రినో పనే. కొండంత టార్గెట్, పైసా ఖర్చు లేదు.

సుధ: అది మాత్రం ఒప్పుకుంటా. భలే ఆలోచన.

రమణ: 2001లో గని మూసేశారు. ఇప్పుడు ఆ సొరంగాల్లో నీళ్లు. తలచుకుంటే అదోలా ఉంటుంది.

సుధ: ...ఊఁ.

రమణ: సరే, నీ సబ్జెక్టు చెప్పు.

సుధ: గబగబా చెప్పేస్తా. 1987లో నీళ్లలో దొరికినవి ఎక్కువగా యాంటీ న్యూట్రినోలే, అంటే న్యూట్రినోల ప్రతికణాలు. హైడ్రోజన్‌లోని ప్రోటాన్‌ను తాకి న్యూట్రాన్‌గా మార్చాయి, పాజిట్రాన్, అంటే ఎలక్ట్రాన్ ప్రతికణం, బయటికొచ్చింది. ఆక్సిజన్ కేంద్రకం అంత సులువుగా లొంగదు, దానికి ఎక్కువ శక్తి కావాలి. ఆర్గాన్ అయితే ఎలక్ట్రాన్ న్యూట్రినో అనే రకం తగిలి పొటాషియం అవుతుంది. అందుకే సౌత్ డకోటాలో, పాత హోమ్‌స్టేక్ గనిలో ద్రవ ఆర్గాన్‌తో డ్యూన్ అనే డిటెక్టర్ కడుతున్నారు.

రమణ: అదీ బంగారు గనే!

[గంట]

రమణ: కోలార్ అనలేదుగా, అన్యాయం!

సుధ: మనసులో అన్నావు. ఇంకో దారి ఉంది. న్యూట్రినో కేంద్రకాన్ని ఏమీ మార్చకుండా మొత్తంగా చిన్న తోపు తోస్తుంది. 1974లో ఫ్రీడ్‌మన్ అనే భౌతిక శాస్త్రవేత్త చెప్పాడు. న్యూట్రాన్లు రెట్టింపైతే ఆ అవకాశం దాదాపు నాలుగింతలు. కానీ ఆ తోపు ఎంత సన్ననిదంటే 2017 దాకా ఎవరికీ దొరకలేదు. చివరికి అమెరికాలోని ఓక్ రిడ్జ్ ప్రయోగశాలలో 14.6 కిలోల సీజియం అయొడైడ్ స్ఫటికంలో కనిపించింది.

రమణ: పద్నాలుగు కిలోలేనా? ట్యాంకులు, గనులు అన్నాం ఇంతసేపూ!

సుధ: అదే కదా. ఇక ఫ్లోరిన్. పేలే నక్షత్రంలోనే న్యూట్రినో నియాన్ కేంద్రకాన్ని తాకి ఒక ప్రోటాన్ ఊడగొడితే ఫ్లోరిన్ వస్తుంది.

రమణ: టూత్‌పేస్ట్‌లో ఉండేదా? అంతా అలాగే వచ్చిందా?

సుధ: కాదు, వేరే నక్షత్రాల్లోనూ తయారవుతుంది. ఏది ఎంత అన్నదాని మీదే గొడవ.

రమణ: గొడవా? చెప్పు చెప్పు.

సుధ: మెమరీ కార్డు నిండింది, కట్ చేస్తు