ముందు ఆంప్ సంగతి తేల్చండి, తర్వాత పెడల్ తొక్కండి
(పాలకొల్లులో గిటారు వాయించేవారి కోసం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. చర్చిలో వాయించేవాళ్లు, ఆర్కెస్ట్రాలవాళ్లు, ఇంట్లో సొంతంగా నేర్చుకుంటున్నవాళ్లు చాలామంది వచ్చారు. 5 నుంచి 15 వాట్ల దాకా ఉండే చిన్న ట్యూబ్ ఆంప్ (గాజు వాల్వులతో గిటారు సౌండ్ పెంచే పెట్టె) గురించే ఈ పూట మాట్లాడుకుందాం. ఆ ఆంప్ కూడా ఒక డిస్టార్షన్ పెడలే (కాలితో తొక్కితే సౌండ్‌ని గరగరలాడించే పెట్టెలాంటిదే), అదీ వరసలో అన్నిటికన్నా చివరిది. దాని ముందు ఏం పెట్టినా, ఆ గొంతులోంచే బయటికి రావాలి.

కాబట్టి పెడళ్లన్నీ పక్కనపెట్టి, గిటారుని ఒకే కేబుల్‌తో నేరుగా ఆంప్‌కి కలపండి. స్విచ్ వేసేముందు స్పీకర్ వైరు సరిగ్గా దిగిందో లేదో చూడండి. స్పీకర్ లేకుండా వాయిస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. టోన్ నాబ్‌లు సగంలో, గిటారు వాల్యూమ్ 10 మీద ఉంచి, ఆంప్ వాల్యూమ్ కొద్దికొద్దిగా పెంచండి. మెల్లగా మీటితే శుభ్రంగా, గట్టిగా కొడితే గరగరలాడుతూ పలికే చోట ఆపేయండి. అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టుకోండి.

ఇప్పుడు ఓవర్‌డ్రైవ్, అంటే సౌండ్‌కి కొంచెం గరగర తెచ్చే పెడల్. ట్యూబ్ స్క్రీమర్ (పేరున్న ఒక ఓవర్‌డ్రైవ్) తరహా పెడల్ అయితే డ్రైవ్ (గరగర నాబ్) దాదాపు సున్నా, టోన్ సగం, లెవెల్ (బయటికొచ్చే సౌండ్ నాబ్) ముప్పావు. ఈ పెడల్ బాస్ కొంత తగ్గించి, 720 హెర్ట్జ్ చుట్టుపక్కల స్వరాల్ని ముందుకు తెస్తుంది. 8 అంగుళాల స్పీకరుకి అది మేలే. లావు తీగల మోత తగ్గి, ఒక్కో స్వరం విడిగా వినిపిస్తుంది.

సోలోకి బూస్ట్ (సిగ్నల్ పెంచే పెడల్) తొక్కినా సౌండ్ పెరగడం లేదని చాలామంది అడుగుతుంటారు. ఆంప్ అప్పటికే దాని హద్దులో ఉంది కాబట్టి పెరగదు, గరగర మాత్రమే చిక్కబడుతుంది. రిథమ్‌కి గిటారు వాల్యూమ్ 6 దగ్గర ఉంచి, సోలోకి 10 చేయండి. లేదా ఆంప్‌ని గీత కన్నా తగ్గించి, గరగర పెడల్లోంచి తెచ్చుకోండి. రెండోది డిలే (వాయించినదాన్ని ప్రతిధ్వనిలా మళ్లీ వినిపించే పెడల్) వాడేవాళ్లకి తప్పనిసరి. చిన్న ఆంపుల్లో చాలావాటికి ఎఫెక్ట్స్ లూప్ (ఆంప్‌లో గరగర పుట్టాక పెడల్ కలుపుకునే జాక్‌లు) ఉండదు. డిలే ఆంప్‌కి ముందుండి, ఆ తర్వాత ఆంప్ గరగరలాడితే, ప్రతిధ్వనులు అసలు స్వరంతో సమానంగా ఉబ్బి అంతా కలగాపులగమైపోతుంది. డిలే మిక్స్ (ప్రతిధ్వని పాలు) పావువంతు దాటనివ్వకండి, రిపీట్లు రెండు మూడు చాలు.

గిటారు నుంచి ఆంప్ దాకా పెడళ్ల వరస: ట్యూనర్, వా (పాదంతో ఊపితే 'వా వా' అనిపించేది), కంప్రెసర్ (హెచ్చుతగ్గుల్ని సరిచేసేది), ఓవర్‌డ్రైవ్, కోరస్ (ఒకే గిటారుని రెండు మూడింటిలా వినిపించేది), డిలే, రివర్బ్ (పెద్ద గదిలోని మోత తెచ్చేది). పాతతరం ఫజ్ (ముతక గరగర తెచ్చే పెడల్) ఉంటే దాన్ని మాత్రం అన్నిటికన్నా ముందు పెట్టండి. గిటారుకీ దానికీ మధ్య బఫర్ (సిగ్నల్ బలహీనపడకుండా కాపాడే సర్క్యూట్) ఉన్న పెడల్ వస్తే సన్నగా, చిర్రుగా పలుకుతుంది. కేబుల్ మీటరుకి దాదాపు 100 పికోఫారడ్ల కెపాసిటెన్స్ (ట్రెబుల్‌ని మింగే గుణం) పోగేస్తుంది, పొడవు పెరిగేకొద్దీ ట్రెబుల్ తగ్గుతుంది. దాన్ని ఆపడానికి వరసలో ఒక్క బఫర్ ఉంటే చాలు.

కరెంటు దగ్గర తొందర పనికిరాదు. ఎక్కువ పెడళ్లకి 9 వోల్టులు, పిన్ మధ్యలో నెగటివ్. కొత్త అడాప్టర్‌ని మల్టీమీటర్‌తో చూడకుండా పెట్టకండి. ఒకే అడాప్టర్ నుంచి డిజిటల్ డిలేకీ ఓవర్‌డ్రైవ్‌కీ కలిపి ఇస్తే కీచుమనే సన్నని శబ్దం దూరుతుంది. డిలేకి విడి అడాప్టర్ ఇవ్వండి.

చెరువుల మీద ఏరియేటర్లు (నీటికి గాలి పట్టించే మోటార్లు) తిరిగే ఊళ్లలో రాత్రిపూట వోల్టేజీ పడిపోవడం మీకు తెలిసిందే. 230కి బదులు 190 వస్తే, 6.3 వోల్టులు ఉండాల్సిన ట్యూబ్ ఫిలమెంటుకి (ట్యూబ్‌ని లోపల వేడిచేసే తీగకి) 5.2 మాత్రమే అందుతుంది. సౌండ్ నీరసించిపోతుంది. పెడల్ నాబ్‌లు తిప్పి సరిచేయబోకండి, ముందు వోల్టేజీ కొలవండి. జనరేటర్ అయితే లైట్లు ఆరినప్పుడు వోల్టేజీ ఒక్కసారిగా ఎగరొచ్చు, స్టెబిలైజర్ పెట్టండి.

షామియానా వాళ్ల ఎక్స్‌టెన్షన్ బోర్డులో మూడో రంధ్రం ఉంటుంది, దాని వెనక ఎర్త్ వైరు ఉండకపోవచ్చు. ఇందులో ప్రాణాపాయం ఉంది, జాగ్రత్తగా వినండి. పాడటానికి మైకు దగ్గరికి వెళ్లేముందు మల్టీమీటర్‌ని ఏసీ వోల్టుల మీద పెట్టి, ఒక కొస గిటారు తీగకి, ఇంకో కొస మైకు జాలీకి ఆనించండి. ఒకటి రెండు వోల్టులు దాటితే వాయించొద్దు. గుయ్‌మంటోందని ఎర్త్ పిన్ విరిచేయకండి. ఆంప్, పెడళ్లు, మిక్సర్ ఒకే బోర్డు నుంచి తీసుకుంటే ఆ గుయ్ చాలావరకు పోతుంది. గిటారుని అటూ ఇటూ తిప్పినప్పుడు శబ్దం మారితే అది పికప్ (తీగల కదలికని పట్టే గిటారులోని అయస్కాంత భాగం) పట్టుకుంటున్నదే. సీరియల్ లైట్ల సెట్టుకి దూరం జరగండి.

నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలికి జాక్‌లు త్వరగా చిలుమెక్కుతాయి. సౌండ్ తెగితెగి వస్తుంటే ముందు అనుమానించాల్సింది ప్యాచ్ కేబుల్నే (పెడళ్లని ఒకదానికొకటి కలిపే పొట్టి వైరునే). కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ప్లగ్గుని పదిసార్లు పెట్టి తీయండి. వాడనప్పుడు పెడల్ ఇన్‌పుట్ జాక్‌లోంచి కేబుల్ పీకేయండి, లేకపోతే లోపలి బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది.

సంక్రాంతి స్టేజీ మీద సౌండ్ చాలలేదని ఆంప్ పెంచొద్దు. 5 వాట్లకి బదులు 10 వాట్లు తెచ్చినా పెరిగేది 3 డెసిబెల్సే. డైనమిక్ మైకుని స్పీకర్ గుడ్డకి రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో, కోన్ (స్పీకర్ లోపలి గరాటు) మధ్యకీ అంచుకీ నడుమ పెట్టి, మిగతాది సౌండ్ సిస్టం వాళ్లకి వదిలేయండి.